అమెరికా కౌంటీ కోర్టు నుంచి విడాకుల తీర్పు కాపీ తెప్పించుకోవడం: నా రివ్యూ

సేవ: కాలిఫోర్నియాలోని ఒక కౌంటీ (మన జిల్లాలాంటిది) సుపీరియర్ కోర్టు, ఫ్యామిలీ విభాగం రికార్డుల సెక్షన్.
నా మార్కులు: 5కి 4.

హైదరాబాద్‌లో కూర్చుని అక్కడి కోర్టు కాగితం తెప్పించుకోవడం అయ్యే పనేనా అని అడిగేవాళ్లకు ముందే చెప్తున్నాను, అవుతుంది. ఏజెంటు అక్కర్లేదు. అమెరికాలో లాయరును పెట్టుకోవాల్సిన పని కూడా లేదు. ఏ కౌంటీ, ఏ కేసు, ఏ కాగితం, దాని మీద ఏ ముద్ర కావాలి అన్న నాలుగు సంగతులు తేల్చుకుని ఒక ఉత్తరం రాస్తే కోర్టువాళ్లు పంపిస్తారు. ఇంత మామూలు పనికి మనవాళ్ల దగ్గర వేలకు వేలు గుంజుతున్నారు. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

నేను పోస్టల్ డిపార్ట్‌మెంట్‌లో పనిచేసి రిటైర్ అయ్యాను. సర్వీసులో చాలా కాలం అబిడ్స్ జీపీఓ కౌంటర్‌లోనే గడిచింది. ఉత్తరం మీద అడ్రసు సరిగ్గా ఉంటే అది ఎంత దూరమైనా పోతుందన్న నమ్మకం నాది. మా అక్క కూతురు కాలిఫోర్నియాలో ఉద్యోగం చేసేది. అక్కడే విడాకులయ్యాయి, తర్వాత హైదరాబాద్ వచ్చేసింది. ఇప్పుడు మలక్‌పేటలో మా ఇంట్లోనే ఉంటోంది. మంచి సంబంధం కుదిరింది. పెళ్లి రిజిస్ట్రేషన్ కోసం లాయరుగారి దగ్గరికి వెళ్తే, ఫోన్లో ఉన్న తీర్పు పీడీఎఫ్ చూసి, "ఇది చదువుకోవడానికి బాగుందమ్మా, ఆఫీసులో పెట్టడానికి పనికిరాదు. కోర్టు సర్టిఫై చేసిన కాపీ తెప్పించండి" అన్నారు. కౌంటీ పేరు ఇక్కడ రాయడం లేదు. రాస్తే మా అమ్మాయి వివరాలు వెతికేవాళ్లకు దారి చూపించినట్టు అవుతుంది.

అసలు సర్టిఫైడ్ కాపీ మీద అంత పట్టు ఎందుకని నాకూ అనిపించింది. లాయరుగారు 1991 నాటి సుప్రీంకోర్టు తీర్పు గురించి చెప్పారు. వై. నరసింహారావు కేసు అంటారట. అదీ మన తెలుగువాళ్ల కేసే. తిరుపతిలో 1975లో పెళ్లి. భర్త అమెరికాలో మిసోరి రాష్ట్రం, సెయింట్ లూయిస్ కౌంటీ సర్క్యూట్ కోర్టులో విడాకుల డిక్రీ తెచ్చుకున్నాడు. తర్వాత యాదగిరిగుట్టలో ఇంకో పెళ్లి చేసుకున్నాడు. మొదటి భార్య కేసు పెట్టింది. ఆ అమెరికా డిక్రీ ఇక్కడ చెల్లదని సుప్రీంకోర్టు చెప్పింది. భార్య ఒప్పుకోకుండా, ఆ కోర్టు అధికారానికి లోబడకుండా, మన హిందూ వివాహ చట్టంలో లేని కారణం మీద ఇచ్చిన విడాకులు ఆమెను కట్టిపడేయలేవన్నది దాని సారం. అంతే కాదు, కోర్టులో పెట్టిన డిక్రీ కాపీ మీద అక్కడి క్లర్కు ధ్రువీకరణ ఉన్నా, మన చట్టం అడిగే ధ్రువీకరణ లేదన్న విషయం కూడా ఆ తీర్పులో ఉంది. అంటే తీర్పు ఎంత ముఖ్యమో దాని కాపీ మీద ఉండే ముద్రా అంతే ముఖ్యం. ఇది విన్నాక నాకు లాయరుగారి మీద చిరాకు పోయింది.

మా అమ్మాయి విషయంలో విడాకులు ఇద్దరూ ఒప్పుకుని తీసుకున్నవే. కానీ కాలిఫోర్నియా విడాకుల అర్జీలో కారణం చూస్తే సాధారణంగా "పరిష్కారం కాని విభేదాలు" అని మాత్రమే ఉంటుంది. అలాంటి కారణం మన హిందూ వివాహ చట్టంలో లేదు. కాబట్టి ఇద్దరి ఒప్పుదలా కనిపించాలి, అదే మన బలం అన్నారు లాయరుగారు. అందుకే ఒక్క తీర్పు కాపీతో ఆగకుండా ఇంకొన్ని కాగితాలు కూడా అడిగాం. ఇది చాలామందికి తెలియదు. తీర్పు మొదటి పేజీ ఒక్కటి తెప్పించుకుని సరిపెట్టుకుంటారు.

కాలిఫోర్నియాలో అన్ని కౌంటీలకూ ఫారాలు ఒకటే. విడాకుల అర్జీ ఎఫ్ఎల్-100. అవతలివాళ్ల జవాబు ఎఫ్ఎల్-120. తీర్పు ఎఫ్ఎల్-180. తీర్పు నమోదయిందని పంపే నోటీసు ఎఫ్ఎల్-190. ఇందులో ప్రాణం ఎఫ్ఎల్-180. వివాహ బంధం ఏ తేదీతో ముగిసిందో దాని మీదే రాసి ఉంటుంది. తీర్పు దాఖలైన తేదీ, బంధం ముగిసిన తేదీ వేరువేరుగా ఉండొచ్చు. అక్కడ అవతలివాళ్లకు కాగితాలు అందిన దగ్గర్నుంచి కనీసం ఆరు నెలలు గడిస్తే గానీ బంధం ముగియదు. రెండో పెళ్లికి చూసేది ఆ ముగిసిన తేదీనే. ఆస్తుల ఒప్పందం తీర్పుకు జతచేసి ఉంటే అదంతా కలిపి ఒకే కాగితంగా సర్టిఫై చేయమని అడగాలి. ఇద్దరి సంతకాలూ ఉండేది అందులోనే. అప్పటి భర్త తరఫు జవాబు, ఆ ఎఫ్ఎల్-120, విడిగా అడిగాం. ఎఫ్ఎల్-190 ఒక్కటే తెచ్చుకుని తీర్పు వచ్చేసిందనుకునేవాళ్లు ఉన్నారు. అది నోటీసు మాత్రమే.

ఇక కౌంటీ దగ్గరికి వద్దాం. అసలు చిక్కంతా ఇక్కడే మొదలవుతుంది. మనవాళ్లు ఊరు పేరు చెప్తారు. కోర్టు ఊరికి కాదు, కౌంటీకి ఉంటుంది. ఫ్రిమాంట్‌లో ఉంటే అలమీడా కౌంటీ. అక్కణ్నుంచి కాస్త దూరంలో ఉన్న శాన్ హోసేకి మారితే శాంటా క్లారా కౌంటీ. మా అమ్మాయి పెళ్లయ్యాక ఇళ్లు మారింది, విడిపోయాక మళ్లీ మారింది. కాలిఫోర్నియాలో విడాకుల అర్జీ వేయాలంటే దంపతుల్లో ఒకరు రాష్ట్రంలో ఆరు నెలలు, ఆ కౌంటీలో మూడు నెలలు ఉండి ఉండాలి. కాబట్టి అర్జీ వేసిన రోజుల్లో ఏ ఇంట్లో ఉన్నారో గుర్తు తెచ్చుకుంటే కౌంటీ తేలిపోతుంది. పెళ్లి కరీంనగర్‌లో జరిగిందా, లాస్ వేగాస్‌లో జరిగిందా అన్నదానితో సంబంధం లేదు.

టెక్సాస్‌లో ఉన్నవాళ్లకు ఈ తలనొప్పి ఇంకా ఎక్కువ. అక్కడ 254 కౌంటీలు. మనవాళ్లు ఎక్కువగా ఉండే ఫ్రిస్కో ఊరు కొంత కాలిన్ కౌంటీలో, కొంత డెంటన్ కౌంటీలో ఉంది. విడాకుల ఫైలు ఆ కౌంటీ డిస్ట్రిక్ట్ క్లర్క్ దగ్గర ఉంటుంది. రాష్ట్ర జనన మరణాల రికార్డుల శాఖ 1968 నుంచి జరిగిన విడాకులకు వెరిఫికేషన్ లెటర్ ఇస్తుంది గానీ అది తీర్పు కాపీ కాదు. ఆ లెటర్ చేతిలో పట్టుకుని ఇక్కడ రిజిస్ట్రార్ దగ్గరికి వెళ్తే మళ్లీ మొదటికి వస్తుంది. న్యూయార్క్ లెక్క ఇంకోటి. అక్కడ విడాకులు ఇచ్చేది ఫ్యామిలీ కోర్టు కాదు, సుప్రీంకోర్టు అనే పేరున్న కింది కోర్టు. ఫైలు ఉండేది కౌంటీ క్లర్క్ దగ్గర. 100 ఏళ్ల దాకా భార్యాభర్తలకు, వాళ్ల లాయర్లకు తప్ప ఇంకెవరికీ చూపించరు. కాబట్టి తల్లిదండ్రులు రాసినా పని జరగదు, అమ్మాయే రాయాలి.

కేసు నంబరు పాత కాగితాల్లో ఏ ఒక్కదాని మీదైనా పైన కుడివైపు ఉంటుంది. అప్పట్లో అక్కడి లాయరు పంపిన ఈమెయిళ్లలో వెతికితే దొరుకుతుంది. మా అమ్మాయికి అలాగే దొరికింది. నంబరు లేకపోతే పేర్లతో వెతకాలి. మన తెలుగు పేర్లతో అది చిన్న పని కాదు. మనకు ఇంటిపేరు ముందు, వాళ్లకు వెనక. కొందరి పాస్‌పోర్టులో ఇంటిపేరు మొదటి పేరు గడిలోకి వెళ్లిపోయి ఉంటుంది. పెళ్లయ్యాక కొందరు భర్త ఇంటిపేరు పెట్టుకుంటారు, కొందరు పెట్టుకోరు. ఇంకొందరికి ఉద్యోగం కాగితాల్లో ఒకలా, కోర్టులో ఒకలా ఉంటుంది. లక్ష్మిలో హెచ్ ఉందో లేదో, చివర ఐ రాశారో వై రాశారో అక్కడి క్లర్కుకు ఏం తెలుస్తుంది? అందుకే ఉత్తరంలో పేరు ఎన్ని రకాలుగా రాసే అవకాశం ఉందో అన్నీ రాయించాను. భర్త పేరు కూడా అలాగే. దాఖలు చేసిన సంవత్సరం కూడా. కౌంటర్‌లో పనిచేసినదాన్ని కాబట్టి చెప్తున్నాను, అవతల ఉన్న మనిషికి వెతకడం తేలికయ్యేలా ఇస్తేనే మన పని త్వరగా అవుతుంది. పైగా కాలిఫోర్నియాలో పది నిమిషాలు దాటి వెతకాల్సి వస్తే 15 డాలర్లు వెతుకులాట ఫీజు పడుతుంది. నంబరు ఇస్తే ఆ ఖర్చు లేదు.

మన దగ్గరా ఇదే తీరు కదా. పురానీ హవేలీలో అయినా, ఎల్బీ నగర్‌లో అయినా కోర్టులో ఓపీ (ఒరిజినల్ పిటిషన్) నంబరు, సంవత్సరం లేకపోతే కాపీ అప్లికేషన్ ఒక్క అడుగు కదలదు. ఈకోర్ట్స్‌లో చూడాలంటే ఒక్కో కేసుకు ఇచ్చే 16 అక్షరాల సీఎన్ఆర్ నంబరు ఉంటే చిటికెలో పని.

నెట్‌లో ఎందుకు చూడలేదు అని చాలామంది అడుగుతారు. కాలిఫోర్నియాలో కోర్టుల నియమం ప్రకారం కుటుంబ కేసుల కాగితాలు బయటివాళ్లకు ఇంటర్నెట్‌లో కనిపించవు. కోర్టు భవనంలో కంప్యూటర్ ముందు కూర్చుంటేనే చూడొచ్చు. కేసు జాబితా, వాయిదా తేదీల వరకు కొన్ని కోర్టులు ఆన్‌లైన్‌లో పెడతాయి. ఇది మనలాంటి దూరపువాళ్లకు ఇబ్బందే, అయినా నాకు నచ్చింది. ఒక ఆడపిల్ల కాపురం సంగతులు, జీతం లెక్కలు ఊళ్లో ప్రతివాడూ ఫోన్‌లో తిప్పుకుని చూసేలా ఉండకూడదు. ఫైల్లో ఉన్నా ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్నులు, పిల్లల కస్టడీ మీద నిపుణులు ఇచ్చే రిపోర్టులు బయటివాళ్లకు ఇవ్వరు. ఆ జాగ్రత్తకు నేను ఒక మార్కు ఎక్కువే వేస్తాను. పేసర్ అనే వెబ్‌సైట్ గురించి కొందరు చెప్తారు. అది అక్కడి ఫెడరల్ కోర్టులది. కౌంటీ విడాకులు అందులో ఉండవు, వెతికి టైమ్ వృథా చేసుకోకండి.

ఇంకో రకం వెబ్‌సైట్లు ఉన్నాయి. వాటి గురించి నాకు కోపం ఉంది. మా అమ్మాయి నా దగ్గరికి రాకముందే అలాంటి ఒకదానికి కార్డు నంబరు ఇచ్చింది. చూడటానికి ప్రభుత్వానిదిలా ఉంటుంది. "రికార్డు దొరికింది" అని చూపించి డబ్బు కట్టమంటుంది. కడితే వచ్చింది పేరు, ఊరు, పాత అడ్రసులు. తీర్పు లేదు, ముద్ర లేదు. ఆ మరుసటి నెల కూడా కార్డు నుంచి డబ్బు పోయింది. కష్టంలో ఉన్న పిల్ల టెన్షన్‌ను అమ్ముకోవడం ఇది. కోర్టు ముద్ర ఉన్న కాపీ కోర్టు తప్ప ఇంకెవరూ ఇవ్వలేరు, ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. మన ఊళ్లో ఒక ఏజెంటు అయితే ఇంకా ముందుకెళ్లి, ఆ పీడీఎఫ్ ప్రింటు తీసి ఇక్కడే నోటరీ చేయించి అపోస్టిల్ (ఒక దేశం కాగితాన్ని ఇంకో దేశం ఒప్పుకునేలా వేసే ధ్రువీకరణ) వేయిస్తానన్నాడు. అమెరికా కోర్టు కాగితానికి అపోస్టిల్ వేయాల్సింది ఆ రాష్ట్రంవాళ్లు. మన విదేశాంగ శాఖ వేసేది మన దేశం కాగితాలకు.

ఉత్తరం విషయం చెప్తాను, ఇది నా సొంత విద్య. ఇంగ్లిష్‌లో ఒక పేజీ దాటలేదు. కేసు నంబరు, ఇద్దరి పేర్లు, కావలసిన కాగితాల పేర్లు ఫారం నంబర్లతో సహా, ఎన్ని కాపీలు, సర్టిఫైడ్ అన్న మాట స్పష్టంగా, అపోస్టిల్ కోసం వాడతామని ఒక వాక్యం, కింద మా అమ్మాయి సంతకం, ఫోను, ఈమెయిల్. అంతే. కాపురం కథంతా రాయకూడదు. కౌంటర్‌లో కూర్చునేవాళ్లకు కథ చదివే తీరిక ఉండదు, ఉన్నా దానితో వాళ్లకు పని లేదు.

జవాబు రావడానికి మన అడ్రసు రాసిన కవరు కూడా పెట్టాలి. ఇక్కడ మనం స్టాంపులు అంటించి పంపితే అవి అక్కడ చెల్లవు. అమెరికా స్టాంపులే ఉండాలి. డబ్బు కూడా రూపాయల చెక్కు తీసుకోరు. అక్కడి బ్యాంకు చెక్కో, వాళ్ల పోస్టాఫీసు మనియార్డరో కావాలి. ఈ రెండింటికీ అక్కడ ఒక మనిషి ఉంటే మేలు. మా ఆడపడుచు కొడుకు ఫ్రిమాంట్‌లో ఉంటాడు. "అత్తా, నువ్వు రాసి పంపు, నేను కవర్లో పెట్టి వేస్తాను" అన్నాడు. ఉత్తరం ఇక్కడ టైపు చేసి, సంతకం పెట్టి, స్కాన్ చేసి పంపాం. చెక్కూ, తిరుగు కవరూ వాడు జతచేశాడు. అక్కడ ఎవరూ లేనివాళ్లు ముందుగా ఆ కోర్టు వెబ్‌సైట్‌లో కార్డుతో కట్టే సదుపాయం ఉందేమో చూడండి. ప్రతి కౌంటీ పద్ధతి ఒకేలా ఉండదు.

ఫీజుల సంగతి. కాలిఫోర్నియాలో ఇవి రాష్ట్ర చట్టం ప్రకారం ఉంటాయి. విడాకుల తీర్పు సర్టిఫైడ్ కాపీకి 15 డాలర్లు. మామూలు కాపీ పేజీకి అర డాలరు. వేరే కాగితం ఏదైనా సర్టిఫై చేయించాలంటే ఒక్కో కాగితానికి 40 డాలర్లు. ఇది మాత్రం నాకు నచ్చలేదు. తీర్పుకు 15 తీసుకుని, రెండు పేజీల జవాబు కాగితానికి 40 తీసుకోవడంలో న్యాయం కనిపించదు. మార్కు తగ్గించింది ఇందుకే. అయినా మొత్తం కలిపినా మన ఊరి ఏజెంటు అడిగిన దాంట్లో కొద్ది భాగమే. ఫీజులు మారుతుంటాయి కాబట్టి పంపే ముందు కోర్టు ఫీజుల పట్టిక చూసుకోండి.

మధ్యలో ఒకసారి ఫోన్ చేశాం. అక్కడ ఆఫీసు తెరిచేసరికి మనకు రాత్రి అవుతుంది. ఎండాకాలంలో మనం పన్నెండున్నర గంటలు ముందుంటాం, చలికాలంలో పదమూడున్నర. చాలాసేపు లైన్లో పెట్టారు. కానీ ఎత్తిన అమ్మాయి మర్యాదగా మాట్లాడింది. కేసు నంబరు చెప్పగానే ఉత్తరం అందిందని, వరుసలో ఉందని చెప్పింది. మా అమ్మాయి గొంతు వణికితే తొందరపెట్టకుండా ఆగింది. గవర్నమెంటు ఆఫీసులో ఆ ఓపిక ఎంత విలువైనదో నాకు తెలుసు.

కొన్ని వారాలకు కవరు ఫ్రిమాంట్ చేరింది. క్లర్కు సంతకం, కోర్టు ముద్ర, పేజీలన్నీ కలిపి ఒకే కట్ట. ఈ కట్టను దయచేసి ఎవరూ విప్పకండి. స్కానింగ్ కోసమని పిన్ను తీసేస్తే సర్టిఫికేషన్ మీద అనుమానం వస్తుంది. పేజీలు మడిచి ఫొటో తీసుకోవచ్చు. మా వాడు అదే కట్టను తిన్నగా రాష్ట్ర రాజధాని శాక్రమెంటోలోని రాష్ట్ర సెక్రటరీ ఆఫ్ స్టేట్ ఆఫీసుకు అపోస్టిల్ కోసం పంపాడు. పోస్టులో అయితే ఒక్కోదానికి 20 డాలర్లు. ఏ దేశంలో వాడతారో రాయాలి, ఇండియా అని రాశాడు. అమెరికా ఈ అపోస్టిల్ ఒప్పందంలో 1981 నుంచి ఉంది, మన దేశంలో అది 2005 నుంచి అమల్లో ఉంది. అందుకే ఇప్పుడు ఎంబసీ చుట్టూ తిరిగే పని తప్పింది. కాగితం అమెరికా దాటకముందే ఈ పని చేయించాలి. హైదరాబాద్ వచ్చాక గుర్తొస్తే మళ్లీ సముద్రం దాటించాల్సి వస్తుంది.

లాయరుగారు కట్ట తిప్పి చూసి, ఇంతకుముందు ఇంత పద్ధతిగా ఎవరూ తేలేదన్నారు. మా అమ్మాయి "చిన్నమ్మా, ఇంతేనా?" అంది. ఆ పిల్ల ఈ కాగితం కోసం నిద్ర మానుకున్న రాత్రులు నేను చూశాను. అందుకే నాకు ఈ కౌంటీ క్లర్కుల మీద గౌరవం. చూడని మనిషి, తెలియని దేశం నుంచి వచ్చిన ఉత్తరం చదివి, ఫైలు వెతికి, ఒక్క పేజీ తప్పకుండా పంపారు.

తీర్పు సర్టిఫైడ్ కాపీలు రెండు తీసుకోండి. అపోస్టిల్ ఉన్నది రిజిస్ట్రేషన్‌కి, రెండోది ఇంట్లో. ఒక్కటే తీసుకుని అది ఏదో ఆఫీసు ఫైల్లో ఉండిపోతే మళ్లీ ఈ ఉత్తరం, చెక్కు, కవరు అన్నీ మొదటి నుంచి.